తినే ఎసెన్స్ పీల్చవచ్చా?

బ్రిటన్‌లో ఈ-సిగరెట్ వాడేవారిలో కొందరు అందులో పోసే ద్రవాన్ని ఇంట్లోనే కలుపుకుంటారు. ప్రొపైలిన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్ దానికి మూల ద్రవాలు. కావాలంటే నికోటిన్ కలుపుతారు. రుచి కోసం కొద్దిగా ఫ్లేవర్ కాన్సన్‌ట్రేట్ (గాఢమైన ఎసెన్స్) వేస్తారు. నికోటిన్ ఉన్న ద్రవాన్ని అక్కడ 10 మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మకూడదు. 2026 అక్టోబర్ 1 నుంచి ప్రతి 10 మిల్లీలీటర్లకు 2.20 పౌండ్ల పన్ను కూడా ప్రకటించారు. ఇంట్లో కలుపుకుంటే చవక అన్న ఆలోచన ఇలాంటప్పుడే బలపడుతుంది.

ఎసెన్స్ కొనేటప్పుడు 'ఫుడ్ గ్రేడ్' అన్న మాట చూసి ధైర్యపడటం సహజం. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అది పొట్టలోకి వెళ్లేదాని గురించి చెప్పిన మాట. తిన్నదాన్ని జీర్ణరసాలు విడగొడతాయి, ఆపైన కాలేయం చాలా విషాలను విరిచేస్తుంది. పీల్చినదానికి ఆ కాపలా లేదు. ఈ-సిగరెట్‌లోని వేడి కాయిల్ (తీగచుట్ట) మీద ఆవిరై, అది నేరుగా ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది.

డైఎసిటైల్ (వెన్న వాసననిచ్చే రసాయనం) కథ దీన్ని బాగా చెబుతుంది. తిండిలో దాన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, పాప్‌కార్న్ తయారుచేసే ఒక కర్మాగారంలో పనిచేసిన ఎనిమిది మందికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు 2000లో బయటపడింది. వాళ్లు దాన్ని తిని జబ్బుపడలేదు. వెన్న ఎసెన్స్ కలిపే చోట లేచిన ఆవిరి పీల్చారు. సన్నటి శ్వాసనాళాలు మచ్చకట్టి ఇరుకైపోయాయి. ఒకసారి మచ్చకట్టాక అవి తిరిగి మామూలు కావు.

వేప్ (ఈ-సిగరెట్) వాడేవారు పీల్చే మోతాదు వేరు కావచ్చు. అయినా 2015లో హార్వర్డ్ పరిశోధకులు 51 రుచుల్ని పరీక్షిస్తే 39లో డైఎసిటైల్ కనిపించింది. బ్రిటన్ ఈ-ద్రవాల్లో దాన్ని నిషేధించింది. కేకుల కోసం తయారైన ఎసెన్స్ ఆ నిబంధన కిందికి రాదు. 'డైఎసిటైల్ లేదు' అని రాసినా అక్కడితో ఆగకూడదు. దాని బదులు వాడే ఎసిటైల్ ప్రొపియొనైల్ కూడా ప్రయోగాల్లో ఎలుకల శ్వాసనాళాలను దెబ్బతీసింది. వెన్న, కస్టర్డ్, క్రీమ్ రుచుల దగ్గర అందుకే ఎక్కువ జాగ్రత్త కావాలి.

నూనెలో కలిపిన ఎసెన్స్‌లను మాత్రం పూర్తిగా దూరం పెట్టాలి. నూనె బిందువులు ఊపిరితిత్తుల్లో చేరితే వాపు పుడుతుంది. మాత్రగా మింగే విటమిన్ ఇ కూడా నూనె లాంటిదే. దాని రూపమైన విటమిన్ ఇ ఎసిటేట్‌ను గంజాయి వేప్‌లలో కలపడమే 2019లో అమెరికాలో విరుచుకుపడిన ఊపిరితిత్తుల జబ్బుకు ప్రధాన కారణమని తేలింది. 68 మంది చనిపోయారు.

భారత్‌లో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం నిషిద్ధం. నికోటిన్ లేకపోయినా ఆ చట్టం వర్తిస్తుంది. అందుకే విదేశంలో చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు ఈ అలవాటు దాచిపెడతారు. దగ్గు, ఆయాసం వదలకపోతే డాక్టరు దగ్గర మాత్రం దాచకూడదు. ఏ ఎసెన్స్ కలిపారో చెప్పాలి, ఆ సీసా ఉంటే చూపించాలి.