మంచూరియా ఎఱుగని మంచూరియా

ముంబయి నగరమున ఒక ఖరీదైన చీనా భోజనశాలకు మిత్రుడొకడు నన్ను తీసికొనిపోయెను. మందమైన ఎఱ్ఱదీపములు, తెల్లని బల్లగుడ్డలు, బల్ల నడుమ గుండ్రముగ తిరుగు పలక. ఎదుటివారు దానిని త్రిప్పినపుడెల్ల నా వంటకము నన్ను విడిచి పోవుచుండెను. పుల్లలతో నాలుగు మెతుకులు పట్టజాలక, సిగ్గు విడిచి చెంచాను ఆశ్రయించితిని.

ఇంతలో కోడి మంచూరియా వచ్చెను. "ఇది చీనాదేశపు అసలు రుచి" అనెను మిత్రుడు.

కాదు. కలకత్తాలో పుట్టిన చీనా సంతతివాడు నెల్సన్ వాంగ్ 1975లో ఈ ముంబయిలోనే, క్రికెట్ క్లబ్బు వంటశాలలో, దీనిని కల్పించెనని ప్రసిద్ధి. అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరప: అంతవఱకు మన యింటి పోపే. గరంమసాలాకు బదులు సోయారసము, మొక్కజొన్నపిండి చేర్చెను. అంతటితో కూర దేశము మారిపోయెను!

కూరకు చీనా పేరు పెట్టి మురిసిన మనమే, ఆ రూపురేఖలుగల మనుష్యులను మఱియొక విధముగ చూచితిమి. చీనావారు కలకత్తా ప్రాంతమునకు వచ్చుట 18వ శతాబ్దముననే మొదలయ్యెను. అయినను 1962 యుద్ధకాలమున వారి సంతతివారిని సుమారు 3000 మందిని రాజస్థానమందలి దేవలీ నిర్బంధ శిబిరమునకు తరలించిరి. పసిపిల్లలు, వృద్ధులు కూడ అందుండిరి. కొందఱకు విడుదల కలుగుటకు ఏండ్లు పట్టెను. తిరిగివచ్చిన పలువురికి ఇండ్లు, దుకాణములు మిగులలేదు. పెక్కుమంది కెనడాకు తరలిపోయిరి.

మిత్రుడు కొంతసేపు మాటాడలేదు. పిదప పలకను మెల్లగా నావైపు త్రిప్పెను. పళ్లెములో ఒక ముక్క మిగిలియుండెను.