ఊరికే ఇచ్చినదానికి ఖరీదెంత?

పిల్లలూ! చింతపల్లి పేరు మీరు వినే ఉంటారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో వెళ్ళి పోలీసు స్టేషను మీద దాడి చేసినది ఆ ఊళ్ళోనే. అరకులోయ నుంచి పాడేరు మీదుగా కొండదారుల వెంట వెళితే చింతపల్లి వస్తుంది. 2022లో ఈ కొండప్రాంతమంతా కలిపి కొత్త జిల్లా చేసి, దానికి ఆ వీరుడి పేరే పెట్టారు.

2023 డిసెంబరు 21న ఆ చింతపల్లిలో మరొక విశేషం జరిగింది. రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ట్యాబులు పంచటం ఆ రోజు అక్కడ మొదలుపెట్టారు. ట్యాబు అంటే మీకు తెలుసు గదా, పలకంత ఉండే కంప్యూటరు. ఆ ఏడు రాష్ట్రమంతటా కలిపి 4 లక్షల 34 వేల ట్యాబులు పంచాలని నిర్ణయించారు. అంతకు ముందు ఏడు, 2022 డిసెంబరులో, పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షల 18 వేలకు పైగా పంచారు.

వాటిలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పాఠాలు బొమ్మలతో సహా ముందుగానే ఎక్కించి ఉన్నాయి. ఇది కొండల్లోని పిల్లలకు చాలా మంచి ఏర్పాటు. ఎందుకంటే అక్కడ చాలా గూడేల్లో ఫోనుకు సిగ్నలు అందదు. పాఠాలు ట్యాబులోనే ఉంటే సిగ్నలుతో పని లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ట్యాబులను ప్రభుత్వం ప్రజల డబ్బుతో కొన్నది. వాటిలోని పాఠాలను మాత్రం బైజూస్ అనే కంపెనీ ఉచితంగా ఇచ్చింది. అందుకు 2022 జూన్‌లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. పాఠాలు అమ్ముకోవటమే ఆ కంపెనీ వ్యాపారం. మరి అమ్ముకునే సరుకును లక్షల మందికి ఊరికే ఎందుకు ఇస్తుంది?

"సహాయం చెయ్యటానికి" అని ఒక జవాబు. అది అబద్ధం కాకపోవచ్చు. అయితే జవాబు అంతటితో పూర్తి కాదు. మిగిలిన సగం తెలుసుకోవాలంటే కొండవాళ్ళ సంతకు వెళ్ళాలి.

పూర్వం మన్యంలో ఉప్పూ, బట్టలూ, కిరసనాయిలూ దొరకటం కష్టంగా ఉండేది. పల్లం నుంచి షావుకారు వాటిని కొండమీదికి తెచ్చేవాడు. "ఇప్పుడు డబ్బు ఇవ్వనక్కరలేదు, తీసుకుపో!" అనేవాడు. పంట చేతికి వచ్చేసరికి బాకీ పెరిగి ఉండేది. ఇక ఆ ఇంటివాళ్ళు తమ చింతపండునూ, తేనెనూ, అడ్డాకులనూ ఆ షావుకారుకే, అతను చెప్పిన ధరకే ఇచ్చుకోవలసి వచ్చేది. ఇంకొకడు ఎక్కువ ధర ఇస్తానన్నా లాభం లేదు. బాకీ ఉన్న చోటును వదిలి పోవటం ఎట్లా?

ఇటువంటి బాకీల కింద కొండవాళ్ళ భూములు పోతున్నాయని 1917లోనే ఒక చట్టం చేశారు. ఏజెన్సీ ప్రాంతంలో వడ్డీకి హద్దు పెట్టారు. తరువాత 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పుట్టింది. కొండవాళ్ళ సరుకును న్యాయమైన ధరకు కొనటమూ, వాళ్ళకు కావలసిన సామాను అమ్మటమూ దాని పని. అమ్ముకోవటానికి షావుకారు గుమ్మం కాక మరొక గుమ్మం ఉండాలన్నమాట.

కంప్యూటరు కంపెనీలు షావుకార్లలాగా వడ్డీ అడగవు. వాటికి బాకీ కాగితాలతో పని లేదు. మరి అవి ఎట్లా కట్టివేస్తాయి? అలవాటుతో!

మీరు ఒక సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలు గీయటం నేర్చుకున్నారనుకోండి. ఏ మీట ఎక్కడ ఉన్నదో చేతికి తెలిసిపోతుంది. మీరు గీసిన బొమ్మలన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే తెలిసిన పద్ధతిలో దాగి ఉంటాయి. నాలుగేళ్ళ తరువాత కంపెనీవాళ్ళు, "మీరు ఇప్పుడు విద్యార్థులు కారు. ఇకనుంచి ఏటా ఇంత కట్టండి" అంటారు. వేరేదానికి మారదామంటే మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి, పాత బొమ్మలు తెరుచుకోకపోవచ్చు. ఈ బాధంతా ఎందుకని డబ్బు కట్టేస్తారు. మీరు ఉద్యోగంలో చేరితే అక్కడ కూడా అదే కావాలంటారు.

ఇంకొక చమత్కారం ఉన్నది. షావుకారు ఒక ఉప్పు బస్తా ఊరికే ఇస్తే అతనికి ఒక బస్తా తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ అట్లా కాదు. మొదటి ప్రతిని తయారుచెయ్యటానికే కోట్లు ఖర్చవుతాయి. రెండో ప్రతికీ, లక్షో ప్రతికీ ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. కనక ఇచ్చేవాడికి పోయేది చాలా తక్కువ, రాబోయేది చాలా ఎక్కువ.

ఈ కిటుకు కొత్తది కాదు. 1983లో ఆపిల్ కంపెనీ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో సుమారు 9 వేల బడులకు ఒక్కొక్క కంప్యూటరు చొప్పున ఉచితంగా ఇచ్చింది. ఆ రాష్ట్రం అందుకుగాను పన్నులో తగ్గింపు కూడా ఇచ్చింది. పిల్లలకు కంప్యూటరు దొరికింది, కంపెనీకి ఆ పిల్లల పరిచయం దొరికింది. 2008లో మైక్రోసాఫ్ట్ కంపెనీ, ప్రోగ్రాములు తయారుచేసే తన ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లను విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. దాని పేరు డ్రీమ్‌స్పార్క్.

ఇక పోటీల సంగతి చూద్దాం. 2003లో మైక్రోసాఫ్ట్ "ఇమాజిన్ కప్" అనే పోటీ మొదలుపెట్టింది. దాని 2006 తుదిపోటీలు మన దేశంలోనే జరిగాయి. ఆ 2003లోనే గూగుల్ కంపెనీ ప్రోగ్రాములు రాసేవారికి "కోడ్ జామ్" అనే పోటీ పెట్టి, 2023 దాకా నడిపింది. 2009 నుంచి మన దేశపు బడిపిల్లలకు బొమ్మల పోటీ కూడా పెట్టింది. నెగ్గిన బొమ్మ నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, గూగుల్ మొదటి పేజీలో కనిపించేది.

పోటీలో కంపెనీకి లాభం ఏమిటి? బహుమతి ఒకరికే వస్తుంది, కాని పోటీలో దిగినవాళ్ళందరికీ కంపెనీ పేరు నోటికి వస్తుంది. ఎక్కడెక్కడ తెలివైనవాళ్ళు ఉన్నారో కంపెనీకి తెలిసిపోతుంది. తన పనిముట్లతోనే పని చెయ్యాలని నియమం పెడితే, వాటిని వాడటం కూడా అందరూ నేర్చుకుంటారు.

అయితే పోటీలు చెడ్డవని అనుకోకండి. నలుగురు కలిసి ఒక చిక్కును విడదీయటం, గడువులోగా పని ముగించటం, ఓడినా మళ్ళీ ప్రయత్నించటం అన్నీ మంచివే. అవి నిజంగా మీకే మిగులుతాయి. కాని చేరేముందు నియమాలు చదవాలి. మీరు తయారుచేసినది పోటీ తరువాత ఎవరిది? ఊరూ పేరూ ఫోను నంబరూ ఎందుకు అడుగుతున్నారు? ఈ రెండో ప్రశ్న పెద్దవాళ్ళు చూడవలసినది. 18 ఏళ్ళు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో మన పార్లమెంటు చేసిన చట్టం చెబుతున్నది.

ఇప్పుడు మళ్ళీ చింతపల్లికి వద్దాం. 2022లో బైజూస్ కంపెనీ విలువను 2,200 కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు. అటువంటి కంపెనీ రెండేళ్ళలో బాకీలు తీర్చలేని స్థితికి వచ్చింది. 2024 జులైలో బెంగుళూరులోని కంపెనీల ట్రిబ్యునల్ దానిమీద దివాలా విచారణ ప్రారంభించింది. చింతపల్లి సభ జరిగి అప్పటికి ఏడు నెలలైనా కాలేదు! ఆ రోజు ట్యాబు అందుకున్న పిల్లలకు ఇంకా పదో తరగతి దూరంగానే ఉన్నది.

ట్యాబులో ఎక్కించిన పాఠాలు ఎక్కించినట్టే ఉండవచ్చు. కాని పాఠ్యపుస్తకం మారితే ఆ పాఠాన్ని ఎవరు మారుస్తారు? ఒక లెక్కలో తప్పు ఉంటే ఎవరు దిద్దుతారు? తెలుగు అంతగా రాని కువి పిల్లవాడికి అది కువి భాషలో కావాలంటే ఎవరు చేస్తారు? పాడేరులోని మాస్టరుగారికి ఆ తెలివి ఉండవచ్చు, ఓపిక కూడా ఉండవచ్చు. అయినా ఆయన చెయ్యలేడు. ఆ పాఠాలకు తాళం వేసి ఉన్నది. తాళంచెవి కంపెనీ దగ్గర ఉన్నది. ఆ కంపెనీయే చిక్కుల్లో పడింది.

తాళం లేని సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నదా? ఉన్నది.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో ఒక సంకల్పం ప్రకటించాడు. ఎవరైనా వాడుకోదగినదీ, లోపల ఎట్లా రాశారో చూడదగినదీ, మార్చుకోదగినదీ, పక్కవాడికి పంచదగినదీ అయిన సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యాలన్నాడు. ఆ పనికి గ్నూ అని పేరు పెట్టాడు. 1991లో ఫిన్‌లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్‌ను రాసి, అందరికీ విడిచిపెట్టాడు. ఈ రెండూ కలిసి ఇవాళ ప్రపంచంలో లెక్కలేనన్ని కంప్యూటర్లను నడుపుతున్నాయి.

ఇంగ్లీషువాళ్ళకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉన్నది. డబ్బు లేకుండా దొరికేదాన్నీ, కట్టు లేకుండా ఉండేదాన్నీ వాళ్ళు ఒకే మాటతో చెబుతారు. మనకు ఆ ఇబ్బంది లేదు. మొదటిది ఉచితం, రెండోది స్వేచ్ఛ. హైదరాబాదులో ఈ పని చేసే సంస్థ పేరు కూడా "స్వేచ్ఛ"యే. విద్యార్థుల తోడ్పాటుతో అది తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేసింది. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు చాలా ఏళ్ళుగా లినక్స్ మీదనే నడుస్తున్నాయి. చిన్నపిల్లలు ఆటలతో లెక్కలూ అక్షరాలూ నేర్చుకునే జీకాంప్రీ అనే సాఫ్ట్‌వేర్ 2000లో ఫ్రాన్సులో పుట్టింది. దాన్ని ఎవరి భాషలోకి వాళ్ళు మార్చుకోవచ్చు. ఎవరినీ అడగనక్కరలేదు.

ఈ తేడా అరకు పిల్లలకు చప్పున అర్థమవుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరిగే కాఫీ మొక్కను చూడండి. ఎవరో ఒకరు మీ నాన్నకు నారుమొక్క ఊరికే ఇచ్చారనుకోండి. నాటిన మూడు నాలుగేళ్ళకు కాపు వస్తుంది. అప్పటికి మొక్క ఇచ్చినవాడు ఊళ్ళో లేకపోయినా కాపు ఆగదు. గింజలు మళ్ళీ నాటుకోవచ్చు, పక్క గూడెంవాళ్ళకు ఇవ్వవచ్చు. ఉప్పు బస్తా కూడా ఊరికే వచ్చినదే. కాని అది అయిపోగానే మళ్ళీ షావుకారు గుమ్మానికే పోవాలి. రెండూ ఉచితమే. ఒకటి మీ పొలంలో వేళ్ళూనుతుంది, రెండోది మిమ్మల్ని మళ్ళీ మళ్ళీ రప్పిస్తుంది.

పెద్ద కంపెనీలు కూడా ఒక్కొక్కప్పుడు నారుమొక్కలు ఇస్తాయి. 2005లో గూగుల్ ఒక వేసవి పథకం పెట్టింది. అందులో విద్యార్థులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాస్తే డబ్బు ఇచ్చేది. దానివల్ల కంపెనీకి పేరు వచ్చింది, నిజమే. కాని విద్యార్థి రాసినది అందరి సొత్తుగా మిగిలింది. కనక ఇచ్చేవాడి పేరును బట్టి కాక, ఇచ్చిన వస్తువును బట్టి మంచి చెడ్డలు నిర్ణయించాలి.

రేపు మీ బడికి ఎవరైనా వచ్చి సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తామన్నా, పోటీ పెడతామన్నా, దణ్ణం పెట్టి ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి.

ఒకటి: నేను బడి వదిలిన తరువాత కూడా ఇది ఊరికే దొరుకుతుందా?

రెండు: ఇందులో నేను చేసిన పనిని మరొకదానిలోకి తీసుకుపోవచ్చునా?

మూడు: దీన్ని మా భాషలోకి మార్చుకోవచ్చునా? నా స్నేహితుడికి ఇవ్వవచ్చునా?

నాలుగు: నా వివరాలు ఏమేమి తీసుకుంటారు, ఎందుకు?

జవాబులు బాగుంటే సంతోషంగా తీసుకోండి. బాగుండకపోయినా, మరొకటి దొరకనప్పుడు తీసుకుని వాడుకోవచ్చు. సిగ్నలు లేని గూడెంలో ఒక్క మంచి పాఠం దొరికినా మేలే గదా. కాని అప్పుడు ఒక జాగ్రత్త పడాలి. ఏ మీట నొక్కితే జవాబు వస్తుందో నేర్చుకుని ఊరుకోకండి. ఆ జవాబు ఎట్లా వచ్చిందో నేర్చుకోండి. లెక్క చేసే పద్ధతి మీకు తెలిస్తే, ఏ కంపెనీ ట్యాబు మీదనైనా, చివరకు రాతిపలక మీదనైనా చెయ్యగలుగుతారు. ఆ తెలివికి ఎవరూ తాళం వెయ్యలేరు.