ఎండలలో సైకిలు హెల్మెట్టు: గాలి ఆడుదానిని ఎంచుకొనుట ఎట్లు?

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు వర్షపాతము తక్కువగా గల మెట్ట సీమలు. ఒక వైపున నల్లమల కొండలు, మరియొక వైపున పలకరాతి గనులు. ఉగాది మొదలుకొని మృగశిర కార్తె ప్రవేశించువరకు ఇచటి ఎండ ఎట్టిదో పంచాయితీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. వేడిమి 40 డిగ్రీలు దాటు దినములు ఇచట సామాన్యము. ఇట్టి ఎండలో సైకిలు త్రొక్కువానిని హెల్మెట్టు పెట్టుకొనుమనిన "తల ఉడికిపోవునండీ" అని బదులు చెప్పును. ఈ మాటను సాకుగా త్రోసివేయరాదు. వేడికి ఓర్వలేక హ్యాండిలుకు వ్రేలాడదీసిన హెల్మెట్టు ఎవరి తలను కాపాడజాలదు. కావున ఎండలో సైతము తలపై నిలువగల హెల్మెట్టును ఎంచుకొను విధానమును ఇచట వివరించుచున్నాము.

హెల్మెట్టు చేయు పని

సైకిలుపై కూర్చున్నవాని తల నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉండును. ఆ ఎత్తునుండి తల తారురోడ్డుకు తగిలినచో, పుఱ్ఱె చటుక్కున ఆగును. లోపలి మెదడు మాత్రము ముందుకు పోయి పుఱ్ఱెకు కొట్టుకొనును. హెల్మెట్టు లోపల థర్మోకోల్ వంటి మందమైన పొర ఉండును. దెబ్బ తగిలినపుడు అది నలిగి, ఆ దెబ్బను తాను గ్రహించి, తల నెమ్మదిగా ఆగునట్లు చేయును. తాను నలిగి తలను కాపాడుటయే దాని ధర్మము.

పూర్వము పందెములలో సైకిలు త్రొక్కువారు తోలు పట్టీలతో అల్లిన టోపీలు ధరించెడివారు. వానిలో గాలి బాగుగా ఆడెడిది గాని రక్షణ స్వల్పము. 1975లో అమెరికాలోని బెల్ సంస్థ థర్మోకోల్ వంటి పదార్థమును పొరగా అమర్చి సైకిలు హెల్మెట్టును తయారుచేసెను. గాలియు, రక్షణయు ఒక్కచోట సమకూర్చుట నాటినుండి నేటివరకు తయారీదారుల ముందున్న సమస్య. కొనువారు కూడ ఈ రెంటిలో దేనిని విడిచినను నష్టపోవుదురు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1988 నాటి మోటారు వాహనముల చట్టము, 129వ సెక్షను ప్రకారము మోటారు సైకిలుపై పోవువారికి హెల్మెట్టు తప్పనిసరి. త్రొక్కుడు సైకిలుకు ఈ సెక్షను వర్తింపదు. అయినను సైకిలు హెల్మెట్టు విలువను ప్రభుత్వము గుర్తించియే యున్నది. 9 నెలలనుండి 4 సంవత్సరముల వయస్సు గల పిల్లలను మోటారు సైకిలుపై తీసికొనిపోవునపుడు, వారి తలకు సరిపోవు క్రాష్ హెల్మెట్టు గాని, నిర్ణీత విదేశీ ప్రమాణములకు లోబడిన సైకిలు హెల్మెట్టు గాని పెట్టవలెనని 2022 ఫిబ్రవరిలో కేంద్ర నియమావళిని సవరించిరి. ఈ నియమము 2023 ఫిబ్రవరినుండి అమలులోనికి వచ్చినది. మోటారు సైకిలు నడుపు పెద్దలకు మాత్రము సైకిలు హెల్మెట్టు చాలదు. వారు ఐ.ఎస్.ఐ. ముద్ర గల క్రాష్ హెల్మెట్టునే ధరింపవలెను.

తల చల్లబడు విధము

క్రొత్త కుండలోని నీరు వేసవిలో ఏల చల్లబడునో గ్రామీణులందరికి తెలిసినదే. కుండ పైకి ఊరిన చెమ్మను పొడిగాలి ఆవిరిగా కొనిపోవును. ఆ ఆవిరితోపాటు వేడియు పోవును. తలపై పట్టు చెమట సంగతియు ఇట్టిదే. గాలి తగిలిన చెమట ఆఱును, తల చల్లబడును. సముద్ర తీరమున గాలిలో తేమ అధికమగుటచే చెమట త్వరగా ఆఱదు. మన మెట్ట ప్రాంతపు గాలి పొడిగాలి. కావున గాలి ఆడు హెల్మెట్టు ఇచట మిక్కిలి ప్రయోజనకారి. అయితే చెమట పట్టుటకు ఒంటిలో నీరుండవలెను. త్రాగునీటి సీసా లేనిదే మధ్యాహ్నపు ఎండలో సైకిలుపై బయలుదేరరాదు.

హెల్మెట్టు ముందరి రంధ్రములనుండి గాలి ప్రవేశించి, తలకును పొరకును నడుమనున్న కాలువల వెంట ప్రవహించి, వెనుక రంధ్రములనుండి వెలికి పోవలెను. కంభము చెరువు తూము ఎంత తెరచినను, కాలువ పూడియున్నచో పొలమునకు నీరు చేరునా? అట్లే రంధ్రములెన్ని యున్నను లోపల కాలువ లేనిచో గాలి ఆడదు. కావున రంధ్రముల లెక్క చూచి మోసపోరాదు.

మరియొక విషయము గమనింపదగినది. చదునైన దారిలో వేగముచేతనే గాలి లోనికి వచ్చును. దిగువమెట్టనుండి నల్లమల ఘాటు ఎక్కునపుడు గాని, దోర్నాలనుండి శ్రీశైలము దారిలో పైకి పోవునపుడు గాని వేగము తగ్గును, చెమట హెచ్చును. ఇట్టి దారులలో తిరుగువారు నొసటివైపు రంధ్రములు వెడల్పుగా నున్నదానిని ఎంచుకొనవలెను.

దుకాణమున చూడవలసినవి

1. హెల్మెట్టును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. కొన్నిటియందు పైకి రంధ్రమువలె కనబడును గాని లోపల థర్మోకోల్ మూసియుండును. అట్టిది పనికిరాదు.

2. ముందరి రంధ్రమునుండి వెనుకవరకు లోపల వ్రేలు జరిపి, కాలువ తెగక యున్నదా యని చూడవలెను. పిమ్మట దానిని ధరించి ఫ్యాను ఎదుట నిలువవలెను. నడినెత్తిపై గాలి తగులుట తెలియవలెను.

3. లోపల ప్రమాణముల చీటీ ఉండవలెను. ఐరోపా ప్రమాణము ఇ.ఎన్. 1078; అమెరికా ప్రమాణము సి.పి.ఎస్.సి. మొదటిదానిలో సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తునుండియు, రెండవదానిలో 2 మీటర్ల ఎత్తునుండియు చదునైన ఇనుప దిమ్మపై పడవేసి పరీక్షింతురు. చీటీ లేనిదానికి ఎన్ని రంధ్రములున్నను కొనరాదు.

4. తెలుపు లేక లేత రంగు మేలు. అది ఎండను తక్కువగా పీల్చును. మునిమాపువేళ లారీ నడుపువారికి దూరమునుండి కనబడును.

5. ముందరి రంధ్రములకు లోపల సన్నని వల యున్నచో అడవి దారులలో తేనెటీగలు చొరకుండును.

గనులలో పనివారు ధరించు గట్టి ప్లాస్టిక్ టోపీ సైకిలుకు పనికిరాదు. అది ప్రధానముగా పైనుండి పడు రాతి ముక్కలకై చేసినది. సైకిలుపైనుండి పడినవానికి దెబ్బ నొసటికిని, కణతలకును తగులును.

తలకు అమరవలెను

కనుబొమ్మలకు కొంచెము పైగా టేపు చుట్టి తల చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసికొనవలెను. ఆ కొలతకు తగినదే కొనవలెను. పిల్లవాడు ఎదుగునని పెద్దది కొనుట ప్రమాదకరము. హెల్మెట్టు అంచు కనుబొమ్మలకు రెండు వ్రేళ్ళ పైన ఉండవలెను. పట్టీలు చెవుల క్రింద కలియవలెను. గడ్డము క్రింద బిగించిన పట్టీలో ఒకటి రెండు వ్రేళ్ళకు మించి దూరరాదు. తల విదలించినను అది కదలరాదు.

తలపాగాపై గాని, మడచిన తువాలుపై గాని హెల్మెట్టు పెట్టరాదు. గాలికాలువలు మూసికొనును, పట్టు వదులగును. ఎండ రంధ్రములగుండ తగులుచున్నదనిన పలుచని నూలుగుడ్డ ఒక్క పొర చాలును. బాలికలు కొప్పు, పూలు, లోహపు క్లిప్పులు లేకుండ జడను మెడపై క్రిందికి వేసికొనవలెను.

ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టును, పైకి బాగుగా కనబడినను, మరల వాడరాదు. పెట్రోలు, కిరోసిను, రంగులు దానికి తగులనీయరాదు. మండుటెండలో మూసియుంచిన కారులో ఉంచరాదు. చెమట మెత్తలను విడదీసి సబ్బునీటితో కడిగి నీడన ఆరవేయవలెను.

పంచాయితీ చేయదగిన పని

2017 ప్రాంతమున "బడికొస్తా" పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలలోని 9వ తరగతి బాలికలకు సైకిళ్ళు పంచిరి. సైకిలు ఇచ్చిన పిమ్మట తలను గూర్చి తలచుట గ్రామమువారి వంతు. సభ్యులు ప్రధానోపాధ్యాయునితో మాటలాడి, సైకిలుపై వచ్చు పిల్లల జాబితా వ్రాయించి, ఒక్కనాడు టేపుతో అందరి తలల కొలతలు తీయింపవచ్చును. కొలతలవారీగా ఒక్కమారు కొన్నచో వర్తకునితో బేరము సులువగును. కొనుటకు పూర్వము ఒక్కటి తెప్పించి, నలుగురు పిల్లలచేత మధ్యాహ్నము త్రొక్కించి, వారి మాట వినవలెను. ధరింపవలసినవారు వారే కదా.

హెల్మెట్టు ఉన్నంతమాత్రమున బ్రేకులు, వెనుక దీపము, ఎడమ ప్రక్కగా పోవుట అనవసరములు కావు. అనంతపురము-గుంటూరు జాతీయ రహదారి మన గ్రామముల నడుమనుండి పోవుచున్నది. ఆ దారిని లారీలతోపాటు బడిపిల్లలును పోవుచున్నారు. గాలి ఆడు హెల్మెట్టును పిల్లవాడు తనంత తానే పెట్టుకొనును. అట్టిదానిని ఎంచి ఇచ్చుట పెద్దల పని.