బోరు నీళ్ల ఫ్లోరైడ్ పళ్లకు, ఎముకలకే ముప్పా? పిల్లల జ్ఞాపకశక్తికీనా? మెదడులోని ‘తూములు’ చెప్పే అసలు సంగతి ఇదీ..

యాదగిరిగుట్ట: ఫ్లోరైడ్ అనగానే ఉమ్మడి నల్గొండ జిల్లాలో అందరికీ గుర్తొచ్చేవి గార పట్టిన పళ్లు, వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు. కానీ శాస్త్రవేత్తలు కొన్నేళ్లుగా ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నారు. అదే ఫ్లోరైడ్ చదువుకునే పిల్లల మెదడుపైనా దెబ్బ కొడుతోందా? దీనికి జవాబు తెలియాలంటే ముందు మెదడు ఒక విషయాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటుందో తెలియాలి. అక్కడ అసలు పాత్ర అయాన్ చానళ్లదే.

అయాన్ చానల్ అంటే ఏంటి?

చెరువు కట్టకు తూము ఎలాగో, మెదడు కణం పొరకు అయాన్ చానల్ అలాగ. ఇది ప్రొటీన్‌తో తయారైన అతి సన్నని దారి. తూములోంచి నీళ్లు పారితే, ఇందులోంచి సోడియం, పొటాషియం, కాల్షియం లాంటి విద్యుదావేశం ఉన్న కణాలు పారుతాయి. వీటినే అయాన్లు అంటారు. ఏ తూము ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నదాన్ని బట్టే మెదడులో సంకేతాలు నడుస్తాయి.

రెండు మెదడు కణాలు కలిసే చోటును సినాప్స్ అంటారు. వాడకాన్ని బట్టి ఈ సినాప్స్ బలపడుతుంది, లేదంటే బలహీనపడుతుంది. ఈ గుణం పేరే సినాప్టిక్ ప్లాస్టిసిటీ. మనం నేర్చుకునేదానికి, గుర్తుపెట్టుకునేదానికి ఇదే పునాది అని శాస్త్రవేత్తలు చెబుతారు.

ఎక్కం ఎందుకు పదిసార్లు చదవాలి?

పిల్లాడు పదమూడో ఎక్కం ఒక్కసారి చదివి వదిలేస్తే మర్నాటికి మర్చిపోతాడు. అదే మళ్లీ మళ్లీ చదివితే గుర్తుంటుంది. ఎందుకిలా? సినాప్స్ దగ్గర ముఖ్యంగా రెండు రకాల తూములుంటాయి. ఒకటి ఆంపా, రెండోది ఎన్ఎండీఏ. మొదటి కణం గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదలగానే ఆంపా తెరుచుకుంటుంది. సోడియం లోపలికి వస్తుంది. ఎన్ఎండీఏ మాత్రం అంత తేలిగ్గా దారి ఇవ్వదు. దాని నోట్లో మెగ్నీషియం అయాన్ ఒకటి సీసాకు బిరడాలా అడ్డం ఉంటుంది.

సంకేతం బలంగా, వెంటవెంటనే వస్తేనే ఆ బిరడా ఊడుతుంది. అప్పుడు కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. ఆ కాల్షియం కణం లోపల ఎంజైములను మేల్కొలుపుతుంది. దాంతో సినాప్స్ దగ్గరకు మరిన్ని ఆంపా తూములు వచ్చి చేరతాయి. ఈసారి అదే సంకేతం వస్తే స్పందన ముందుకంటే గట్టిగా ఉంటుంది. కాల్షియం కొద్దికొద్దిగా, నెమ్మదిగా వస్తే మాత్రం కథ తిరగబడుతుంది. ఉన్న ఆంపా తూములు తగ్గిపోయి సినాప్స్ బలహీనపడుతుంది.

ఇలా సినాప్స్ బలపడటాన్ని టిమ్ బ్లిస్, టెర్జే లోమో కుందేళ్ల మెదడులో గమనించి 1973లో ప్రకటించారు. మెగ్నీషియం బిరడా సంగతి 1984లో బయటపడింది. 1986లో రిచర్డ్ మోరిస్ బృందం ఎలుకల మెదడులో ఎన్ఎండీఏ తూములను మందుతో మూసేసింది. నీళ్ల తొట్టిలో దాచిన మెట్టు ఎక్కడుందో ఆ ఎలుకలు సరిగా నేర్చుకోలేకపోయాయి. తూము మూస్తే చదువు ఆగినట్టే అని తేలింది.

మరి ఫ్లోరైడ్ ఏం చేస్తుంది?

ఈ ప్రాంతమంతా గ్రానైట్ రాయి. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఉండాలని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి.

ఫ్లోరైడ్ కూడా ఒక అయానే. కాల్షియం, మెగ్నీషియం కనిపిస్తే వాటితో జట్టు కడుతుంది. ఎముకల్లో పేరుకునేది ఇందుకే. మెదడు విషయానికొస్తే, ఎక్కువ ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు తాగించిన ఎలుకల మెదడులో నికోటినిక్ గ్రాహకాలు తగ్గినట్లు చైనా పరిశోధకులు గుర్తించారు. ఇవి కూడా అయాన్ చానళ్లే. జ్ఞాపకశక్తిలో వీటికీ పాత్ర ఉంది. అయితే ఒక విషయం మరవొద్దు. ఇలాంటి చాలా ప్రయోగాల్లో ఎలుకలకు ఇచ్చిన మోతాదు, సాధారణంగా బోరు నీళ్లలో కనిపించేదానికంటే చాలా ఎక్కువ.

మనుషుల సంగతేంటి? అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో తన సమీక్షను విడుదల చేసింది. పిల్లలపై జరిగిన నాణ్యమైన 19 అధ్యయనాల్లో 18 ఒకే మాట చెప్పాయి. ఫ్లోరైడ్ ఎక్కువగా అందిన పిల్లల్లో ఐక్యూ తక్కువగా ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఈ సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చని ఆ సంస్థ తేల్చింది. అంతకంటే తక్కువ మోతాదుపై అది తీర్పు ఇవ్వలేదు. ఇది సగటు లెక్క మాత్రమే. ఫలానా పిల్లాడు చదువులో వెనకబడటానికి ఫ్లోరైడే కారణమని దీన్నిబట్టి చెప్పలేం.

చింతపండు సంగతి తెలుసా?

గుట్టకు వెళ్తే పులిహోర ప్రసాదం తినకుండా ఎవరూ రారు. అందులోని చింతపండుపై హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ఒక ఆసక్తికరమైన ఫలితం ప్రచురించారు. 18 మంది అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు ఇచ్చారు. మూత్రంలో బయటకు పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. మూత్రంలో పోయే మెగ్నీషియం మాత్రం తగ్గింది. అంటే ఒంట్లో ఉండాల్సింది నిలిచింది, పోవాల్సింది పోయింది. అలాగని చింతపండు తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని కాదు. ఆ అధ్యయనం మెదడును పరీక్షించలేదు.

ఇంట్లో ఏం చేయాలి?

నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టర్‌తో చాలావరకు తగ్గుతుంది. పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. 1970ల్లో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దీన్ని రూపొందించింది.

నదీ జలాలను ఇంటింటికీ ఇచ్చే మిషన్ భగీరథకు 2015 జూన్‌లో ఇదే ప్రాంతంలోని చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. నల్లా నీళ్లు తాగుతూ వంటకు మాత్రం బోరు నీళ్లు వాడితే ఫలితం సగమే. అన్నం, పప్పు, చాయ్ రూపంలో ఫ్లోరైడ్ మళ్లీ లోపలికే వెళ్తుంది. పొలం దగ్గర బోరు నీళ్లు తాగే అలవాటున్నా అంతే. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లలో ఇంకా జాగ్రత్త అవసరం. పాలు, రాగుల లాంటి కాల్షియం ఉన్న ఆహారం తింటే ఒంటికి పట్టే ఫ్లోరైడ్ తగ్గుతుంది.

వంకర తిరిగిన ఎముక కంటికి కనిపిస్తుంది. మెదడులో తూము మూసుకుపోతే కనిపించదు. కాబట్టి బోరు నీళ్లు వాడే ఇళ్లవాళ్లు ముందు వాటిని పరీక్ష చేయించడం మంచిది.