బ్రేకులు ఒక పక్కే గట్టిగా పడుతున్నాయా? పార్టులు మార్చే ముందు కారణం ఇలా కనిపెట్టండి

ఫోన్ ఛార్జింగ్ త్వరగా అయిపోతోందంటే వెంటనే బ్యాటరీ మార్చేయం కదా. ముందు ఏ యాప్ తినేస్తోందో చూస్తాం. కారు ఫిట్‌నెస్ టెస్టులో "బ్రేక్ ఇంబ్యాలెన్స్" అని వస్తే మాత్రం ప్యాడ్లు, డిస్కులు, క్యాలిపర్లు అన్నీ మార్చేయమని చెప్పేస్తాం. నిజానికి ఆ రిపోర్టు చూపించేది లక్షణం మాత్రమే. కారణాన్ని విడిగా వెతకాలి, దానికి ఒక వరుస ఉంది. నేను ఆఫీసులో రోజూ చేసే డీబగ్గింగ్ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది.

ఉదాహరణకి మా ఇంటి కారునే తీసుకుందాం. ముందు డిస్క్, వెనక డ్రమ్ బ్రేకులున్న పాత హ్యాచ్‌బ్యాక్. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. అలా టెస్టుకి తీసుకెళ్తే వచ్చిన రీడింగులు ఇవి:

- ముందు ఎడమ 2.0, ముందు కుడి 1.3 కిలోన్యూటన్లు
- వెనక ఎడమ 1.0, వెనక కుడి 0.9 కిలోన్యూటన్లు

ఈ అంకెల అర్థం ఏంటి?

రోలర్ బ్రేక్ టెస్టర్‌లో చక్రాలు రోలర్ల మీద నిలబడతాయి. మోటారు రోలర్లని తిప్పుతుంటే మనం బ్రేక్ నొక్కుతాం. ఒక్కో చక్రం ఎంత బలంతో అడ్డుకుంటుందో మెషీన్ విడివిడిగా కొలుస్తుంది. రెండు వైపుల తేడాని ఎక్కువ వచ్చిన రీడింగుతో భాగిస్తే ఇంబ్యాలెన్స్ వస్తుంది. మా కారు ముందు చక్రాలకి 0.7ని 2.0తో భాగిస్తే 35 శాతం. ఇది ఎంత సీరియస్ అనేదానికి యూరప్ కొలమానం ఒకటి చూడండి. అక్కడి 2014/45 డైరెక్టివ్ ప్రకారం ఒకే యాక్సిల్ మీద బలహీనమైన చక్రం, బలమైన దానిలో 70 శాతం కూడా పట్టకపోతే అది పెద్ద లోపం. స్టీరింగ్ తిరిగే చక్రాల్లో 50 శాతం లోపు ఉంటే ప్రమాదకరం. మాది 65.

"రోజూ నడుపుతున్నాను, బండి తిన్నగానే ఆగుతోంది కదరా" అన్నారు నాన్న. అదీ నిజమే. మెల్లగా బ్రేక్ వేసినప్పుడు చేతులు తెలియకుండానే స్టీరింగ్‌ని సరిచేస్తుంటాయి. కొన్ని కార్లలో సస్పెన్షన్ డిజైన్ కూడా ఆ లాగుడుని కొంత తగ్గిస్తుంది. కానీ వానలో, హైవే మీద, ఎదురుగా గేదె వచ్చి సడన్ బ్రేక్ కొట్టినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. అప్పుడు సరిచేసుకునే టైమ్ ఉండదు.

స్టెప్ 1: తేలికైనవి ముందు తీసేయండి

రెండు వైపులా టైర్లలో గాలి సమానంగా ఉందా? అరుగుదల ఒకేలా ఉందా? లేకపోతే రోలర్ మీద పట్టు మారిపోయి రీడింగే తప్పు రావచ్చు. కారు కొన్ని వారాలు కదలకుండా ఉంటే డిస్కుల మీద తుప్పు పడుతుంది. ఖాళీ రోడ్డు మీద ఎనిమిది పది సార్లు బ్రేక్ వేసి, ఆ తర్వాత టెస్ట్ చేయించాలి.

స్టెప్ 2: లోపం ఎక్కడ ఉండదో తేల్చండి

మాస్టర్ సిలిండర్ పుట్టించే ప్రెషర్ పాస్కల్ సూత్రం ప్రకారం అన్ని వైపులా సమానంగా వెళ్తుంది. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో బ్రేక్ లైన్లు ఐమూలగా రెండు సర్క్యూట్లు: ముందు కుడితో వెనక ఎడమ, ముందు ఎడమతో వెనక కుడి. ఐమూలగా ఉన్న రెండు చక్రాలూ కలిసి తగ్గితే ఆ సర్క్యూట్‌లో గాలి చేరిందనో, మాస్టర్ సిలిండర్ పాడైందనో అనుమానించాలి. మా కారులో ముందు కుడి మాత్రమే పడిపోయింది. దాని జత అయిన వెనక ఎడమ బాగుంది. అంటే లోపం ఆ ఒక్క చక్రం దగ్గరే: హోస్, క్యాలిపర్, ప్యాడ్, డిస్క్. ఒక్క రిపోర్టుతోనే వెతకాల్సిన చోటు ఇంత తగ్గిపోయింది.

స్టెప్ 3: ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్

మన సైట్ రీడర్లకి నచ్చే పార్ట్ ఇదే. కాసేపు నడిపి, కొన్నిసార్లు బ్రేక్ వేసి, ఆపగానే రెండు ముందు చక్రాల వేడి కొలవండి. చల్లగా ఉన్నది సరిగా పని చేయడం లేదని అర్థం. బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపినా ఒకటి వేడెక్కితే అది విడవకుండా పట్టుకుంటోంది. మాకు ఎడమ 112, కుడి 78 డిగ్రీలు చూపించింది. ఒక జాగ్రత్త: మెరిసే లోహం మీద ఈ గన్ తక్కువ చూపిస్తుంది. అందుకే అసలు అంకెని నమ్మకుండా, రెండు వైపులా అదే చోట, అదే దూరం నుంచి కొలిచి తేడా మాత్రమే చూడండి.

ఓబీడీ డాంగిల్‌తో చూస్తే సరిపోదా అంటే, సరిపోదు. ప్యాడ్ ఎంత గట్టిగా పట్టుకుందో కొలిచే సెన్సార్ మామూలు కార్లలో ఉండదు. ఏబీఎస్ లైట్ వెలగలేదంటే బ్రేకులు సమానంగా ఉన్నాయని కాదు. ఫోన్ యాక్సిలరోమీటర్ యాప్ కారు మొత్తం ఎంత వేగంగా ఆగిందో చెప్పగలదు, ఏ చక్రం ఎంత ఆపిందో చెప్పలేదు.

స్టెప్ 4: చక్రం విప్పి చూడటం

ఇది మెకానిక్ పని. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టించండి. మీరు పక్కన నిలబడి చూడాల్సినవి ఇవి:

- ప్యాడ్ల అరుగుదల: లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది అలాగే ఉంటే స్లైడర్ పిన్ బిగుసుకుపోయినట్టే.
- రెండు ప్యాడ్లూ అరగకపోతే: పిస్టన్ కదలడం లేదు, లేదా హోస్ లోపల మూసుకుపోయింది.
- ప్యాడ్ మీద తడి, జిడ్డు: ఆయిల్ గానీ బ్రేక్ ఫ్లూయిడ్ గానీ కారుతోంది. లీకు ఆపకుండా ప్యాడ్ మారిస్తే డబ్బులు దండగ.
- బ్రేక్ వదిలినా చక్రం తిరగకపోతే: బ్లీడర్ నిపిల్ కొద్దిగా వదులు చేయించండి. వెంటనే ఫ్రీ అయితే ప్రెషర్ లోపల చిక్కుకుంది, హోస్ మీద అనుమానం. అప్పటికీ తిరగకపోతే పిస్టన్ గానీ పిన్నులు గానీ పట్టేశాయి.

మా కారులో కుడి లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు మిగిలింది, బయటిది 8. కింది స్లైడర్ పిన్ రబ్బర్ బూట్ చిరిగి, నీళ్లు దిగి, తుప్పు పట్టేసింది. మొదట వెళ్లిన గ్యారేజీలో డిస్కులు, క్యాలిపర్లు, ప్యాడ్లు కలిపి 14 వేలు అన్నారు. చివరికి కావాల్సింది కొత్త పిన్నులు, బూట్లు, ఒక సెట్ ప్యాడ్లు. లేబర్‌తో కలిపి 2,600 అయింది.

స్టెప్ 5: మళ్లీ అదే మెషీన్ మీద

ప్యాడ్లు ఎప్పుడూ రెండు వైపులా కలిపే మార్చాలి. ఒక పక్క కొత్తవి, ఇంకో పక్క పాతవి వేస్తే కొత్త ఇంబ్యాలెన్స్ మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. పిన్నులకి బ్రేకుల కోసం తయారు చేసిన సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు తగిలితే రబ్బర్ ఉబ్బిపోయి పిన్ మళ్లీ పట్టేస్తుంది. కొత్త ప్యాడ్లు డిస్కుకి సర్దుకునేదాకా కొన్ని రోజులు నడిపి, అప్పుడు రీటెస్ట్ చేయించండి. మాకు 2.0, 1.9 వచ్చాయి, తేడా 5 శాతం.

టెస్ట్ సెంటర్‌లో పాస్ లేదా ఫెయిల్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా నాలుగు చక్రాల రీడింగుల ప్రింటవుట్ అడిగి తీసుకోండి. గ్యారేజీలో ఏ పార్ట్ మార్చాలన్నా "ఇది పోయిందని ఎలా తేల్చారు?" అని అడగండి. చేతిలో ఆ కాగితం ఉంటే అడగడం తేలిక.