మంచు కాదు.. చీకటి, చెమ్మే అసలు సమస్య! ఇంగ్లండ్ చలికాలం ఎలా ఉంటుందంటే?

ఇంగ్లండ్ చలికాలం అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా పాటల్లోని తెల్లటి మంచే. కానీ అక్కడికి వెళ్లిన మన పిల్లల్ని అడిగి చూడండి. మంచు గురించి ఒక మాట చెప్తే, చీకటి గురించీ గోడలకు పట్టే బూజు గురించీ పది మాటలు చెప్తారు. జనవరి బ్యాచ్‌కి చదువుకోవడానికి వెళ్లేవాళ్లయితే సరిగ్గా ఈ చలి మధ్యలోనే విమానం దిగుతారు. అసలు అక్కడ చలికాలం ఎందుకలా ఉంటుంది? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? చూద్దాం.

సాయంత్రం 4 గంటలకే సూర్యుడు మాయం

హైదరాబాద్ భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంటే, లండన్ 51 డిగ్రీలు దాటి ఉంటుంది. అందుకే డిసెంబర్ 21 ప్రాంతంలో లండన్‌లో ఉదయం 8 దాటాకే సూర్యుడు కనిపిస్తాడు. మధ్యాహ్నం 3:53కే అస్తమిస్తాడు. అంటే పగలు 8 గంటలు కూడా ఉండదు. అదే రోజు హైదరాబాద్‌లో దాదాపు 11 గంటల పగలు ఉంటుంది. ఇంకా ఉత్తరాన ఉన్న న్యూకాజిల్‌లో అయితే 7 గంటలు కాస్త దాటుతుందంతే.

పైగా అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. దాంతో మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నర గంటలకు పెరుగుతుంది. మార్చి చివరి ఆదివారం వరకు ఇదే లెక్క. ఇక్కడ రాత్రి 10కి అమ్మ వీడియో కాల్ చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నరే. కానీ కిటికీ బయట చూస్తే చీకటే!

ఎండ తగలకపోతే ఒంట్లో విటమిన్ డి తయారవదు. అందుకే ఆకురాలు కాలం, చలికాలాల్లో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకునే ఆలోచన చేయాలని అక్కడి ప్రభుత్వ వైద్య సలహా. మనలాంటి దక్షిణాసియా వాళ్లయితే ఏడాదంతా తీసుకోవడం గురించి ఆలోచించాలని చెప్తారు.

5 డిగ్రీలే కదా అనుకుంటే పొరపాటే

"మా లంబసింగిలో ఇంతకంటే చలి ఉంటుంది" అని చాలామంది అంటారు. నిజమే. కానీ లంబసింగిలో ఎండ ఎక్కితే స్వెట్టర్ తీసేస్తాం. ఇంగ్లండ్‌లో ఉదయం 5 డిగ్రీలుంటే మధ్యాహ్నం 7 ఉంటుంది, అంతే. డిసెంబర్ 21 ప్రాంతంలో లండన్‌లో మధ్యాహ్నం వేళ కూడా సూర్యుడు ఆకాశంలో దాదాపు 15 డిగ్రీల ఎత్తుకే ఎక్కుతాడు. దానికి తోడు సన్నటి వాన, అట్లాంటిక్ నుంచి వచ్చే గాలి. గొడుగు తెరిస్తే తిరగబడిపోతుంది. అందుకే అక్కడివాళ్లు గొడుగు కంటే టోపీ ఉన్న వాన కోటునే నమ్ముకుంటారు.

నిజానికి ఆ అట్లాంటిక్ సముద్రమే ఇంగ్లండ్‌ను కాపాడుతోంది. దాదాపు అదే అక్షాంశంలో ఉన్న కెనడా నగరం కాల్గరీ చలికాలంలో గడ్డకట్టిపోతుంది. ఇంగ్లండ్‌కు మాత్రం పడమటి గాలులు సముద్రం మీది వెచ్చదనాన్ని మోసుకొస్తాయి. ఆ గాలి తూర్పు వైపు నుంచి తిరిగితేనే అసలు చలి. 2018 ఫిబ్రవరి చివర్లో సైబీరియా వైపు నుంచి వచ్చిన చలిగాలికి దేశమే స్తంభించిపోయింది. 1982 జనవరి 10న ష్రాప్‌షైర్‌లోని న్యూపోర్ట్‌లో మైనస్ 26.1 డిగ్రీలు నమోదైంది. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అదే రికార్డు.

గోడకు నల్లటి బూజు ఎందుకు పడుతుంది?

చలికి కిటికీలన్నీ మూసేస్తాం. లోపలే కుక్కర్ పెడతాం, వేడినీళ్ల స్నానం చేస్తాం, బట్టలు హీటర్ మీద ఆరేస్తాం. ఆ ఆవిరంతా బయటికి పోయే దారి లేక చల్లటి గోడలకు, అద్దాలకు తగిలి నీళ్లవుతుంది. ఆ చెమ్మ మీదే బూజు పెరుగుతుంది. ఒక గదిలో నలుగురు సర్దుకుని ఉంటే ఇది ఇంకా ఎక్కువ.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట్లో పెరిగిన అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆ బాబు పేరుతోనే వచ్చిన చట్టం 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లండ్‌లోని సోషల్ హౌసింగ్ ఇళ్లకు అమల్లోకి వచ్చింది. ప్రాణాపాయం లాంటి అత్యవసర సమస్య అయితే 24 గంటల్లో స్పందించాలి. తీవ్రమైన చెమ్మ, బూజు సమస్య అయితే 10 పనిదినాల్లో పరిశీలించాలి. ప్రైవేట్ అద్దె ఇంట్లో ఉంటే ఫొటోలు తీసి, ఇంటి ఓనర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. పట్టించుకోకపోతే స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

బిల్లు భయంతో హీటర్ ఆపేస్తున్నారా?

కరెంట్, గ్యాస్ ధరలకు ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ మూడు నెలలకోసారి గరిష్ఠ పరిమితి పెడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ పరిమితి యూనిట్ ధరకు, రోజువారీ స్థిర చార్జీకి మాత్రమే. మొత్తం బిల్లుకు కాదు. ఎంత వాడితే అంత కట్టాల్సిందే.

అలాగని హీటర్ పూర్తిగా ఆపేస్తే గోడలు చల్లబడి బూజు ఇంకా పెరుగుతుంది. మీరుండే గది కనీసం 18 డిగ్రీలు ఉండేలా చూసుకోవాలని వైద్య సలహా, ముఖ్యంగా పెద్దవాళ్లు, అనారోగ్యం ఉన్నవాళ్లు.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

- వంట చేసేటప్పుడు గిన్నెకు మూత పెట్టండి, ఫ్యాన్ వేయండి, వంటగది తలుపు మూయండి. రోజూ కాసేపు కిటికీ తెరవండి. పొద్దున్నే అద్దాల మీది నీళ్లు తుడవండి.

- గది వెచ్చబడుతుందని గ్యాస్ స్టవ్ వెలిగించి ఉంచడం, లోపల బొగ్గులు కాల్చడం చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో అలారం పెట్టడం 2022 అక్టోబర్ నుంచి ఇంటి ఓనర్ బాధ్యత. బటన్ నొక్కి పనిచేస్తోందో లేదో చూసుకోండి.

- గ్యాస్ వాసన వచ్చినా, అలారం మోగినా బయటికి వచ్చేసి 0800 111 999కి ఫోన్ చేయండి. ప్రాణాపాయమైతే 999.

- రోడ్డు తడిగా మెరుస్తుంటే అది నీళ్లు కాకపోవచ్చు. కంటికి కనిపించని పల్చటి మంచు పొర కావచ్చు. చిన్న అడుగులు వేయండి. కారు అద్దం మీది మంచుకు వేడినీళ్లు పోయొద్దు, అద్దం పగులుతుంది.

- వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ హెచ్చరికలు పసుపు, అంబర్, ఎరుపు రంగుల్లో ఉంటాయి. ఎరుపు అంటే ప్రాణాలకు ముప్పు. ప్రయాణం మానుకోండి.

ఈసారి అక్కడున్న పిల్లలకు ఫోన్ చేసినప్పుడు "మంచు పడిందా?" అని అడగడంతో ఆపకండి. "రూమ్ వెచ్చగా ఉందా? కిటికీ తీస్తున్నావా? అలారం చూసుకున్నావా?" అని కూడా అడగండి.