పెరటితోటలో వసంతారంభము

శిశిరము వెడలి వసంతము ప్రవేశించు ఈ దినములలో మా చౌడేపల్లె పెరళ్లు కన్నులపండువుగా నుండును. పొరుగుననున్న మదనపల్లె సముద్రమట్టమునకు 2,200 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. అట్టి మెట్టసీమ యగుటచే ఫాల్గుణమునను వేకువచలి విడువదు; మధ్యాహ్నమున ఎండ చురుక్కుమనును. ఈ రెంటి నడుమనే మునగ పూచును, వేప చిగుర్చును, మల్లె మొగ్గ తొడుగును.

పెరటిపనిలో మొదట నేర్వవలసినది ఓర్పు. బడిపని విరమించిన తొలియేట నేను మమకారముచేత కార్తిక మార్గశిరములలో మామిడికి పాదు నిండ నీరు పోసితిని. చెట్టు చిగుర్చినది గాని పూయలేదు. ఆ ఉగాదికి పచ్చడిలోని మామిడికాయను పొరుగింట అడిగి తెచ్చుకొంటిమి! పూతకు ముందు రెండు మూడు నెలలు కాపుచెట్టును ఎండగట్టవలెను. పిందె శనగగింజంత యైన పిదప తడి పెట్టవలెను.

గుమ్మడిపాదున తొలుత పూచునవి మగపూవులు. అవి రాలినచో చింతింపరాదు. ఆడుపూవు క్రింద చిన్నపిందె యుండును. తేనెటీగలు రానిచో, ఉదయముననే మగపూవును కోసి దాని పుప్పొడిని ఆడుపూవున కంటింపవలెను. ఈ పనిని మనుమలకు ఒప్పగింపుడు. వారు పాఠమును మరతురేమో గాని, తాము నిలిపిన కాయను మరువరు.

మన సీమలో నీరు అరుదు. పాదు ప్రక్కన మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి మూతవేసినచో, తేమ మెల్లగా ఊరి వేళ్లకు చేరును. బియ్యము కడిగిన నీరు కరివేపచెట్టునకు చాలును.

ముదిమిలో నాటిన చెట్టు ఎవరికని కొందరందురు. మనము తిన్న చింతకాయ యెవరు నాటినది? ఈ ఉగాదికి ఇంటికొక పాదైనను పెట్టుడు.